యంత్రమునకు అక్షరాభ్యాసము

పిల్లవానికి పలక యిచ్చి ఓనమాలు దిద్దించుట మనకు తరతరాల యాచారము. నేడు నేను చెప్పబోవు చరిత్రయు ఒక పలకకు సంబంధించినదే. అయితే ఆ పలకతో తెలుగు నేర్చినది పిల్లవాడు కాదు, కంప్యూటరు. పచ్చని పలుచని బిళ్ల. దానిమీద నల్లని చిప్పులు వరుసలు తీరి యుండును. అడుగంచున దువ్వెన పండ్లవలె లోహపు రేకలు. కంప్యూటరు మూత విప్పి, లోపలి గాడిలో దీనిని గ్రుచ్చి, మరల మూత బిగించినచో, అంతవరకు ఆంగ్లము మాత్రమే యెఱిగిన యంత్రము తెలుగు వ్రాయజొచ్చెడిది. దీనిని జిస్ట్ కార్డు అనిరి. ఇప్పుడది పాత సామాను, చూచినవారే అరుదు. అయినను మీ మనుమలు చేత బట్టుకొని తిరుగు సెల్‌ఫోనులో తెలుగక్షరములు నిలిచియున్న వరుస ఆ పలక నాటి వరుసయే యని చెప్పినచో, పెద్దలు దీని కథను వినదగినదిగా నెంతురని తలచెదను.

హైదరాబాదు నగరమున చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగరు అను మూడు పేటలు ఒకదాని చెంత నొకటి యున్నవి. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ. అశోక్ నగరు వైపున నగర కేంద్ర గ్రంథాలయము, దాని చుట్టుప్రక్కల ఉద్యోగపు పరీక్షలకు చదువుకొను యువకుల గదులు. నారాయణగూడ దాటి హిమాయత్‌నగరునకు బోయినచో తెలుగు అకాడమి. చదువువారును వ్రాయువారును ఇంతగా గుమిగూడిన చోట అచ్చుకూటములు పుట్టుట వింత గాదు. నేను 1980 ప్రాంతమున చిక్కడపల్లి సందులలో నొక చిన్న అచ్చుకూటమున ప్రూఫులు దిద్దుచుంటిని. ఆంగ్లము కూర్చువానికి పెద్దక్షరముల కేసు ఒకటి, చిన్నక్షరముల కేసు ఒకటి యున్న జాలును. మా తెలుగు కంపోజిటరు ముందు మాత్రము గడుల గోడయే నిలిచి యుండెడిది. తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు, వేనికవి వేఱు. ఆయన కన్నెత్తి చూడకయే చేయి చాచి, "స్త్రీ" యను మాటకు వలసిన సీసపు ముక్కలు ఏరి తెచ్చెడివాడు. ఆ చేతికి దెలిసిన విద్యను యంత్రమునకు నేర్పుట యెట్లు? ఈ ప్రశ్నకు జవాబు వెదకినవారి కథయే యిది.

కంప్యూటరు మన నగరమునకు క్రొత్త కాదు. 1967లో హైదరాబాదున నెలకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969 నాటికే టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించెను. అయితే అట్టివి శాస్త్రజ్ఞుల లెక్కలకు బనికివచ్చునవి గాని, దుకాణములో నొక మూల బల్లమీద బెట్టుకొనునవి కావు. బల్లమీది యంత్రములలో లోకమంతట వ్యాపించినది 1981 ఆగస్టున అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన పర్సనల్ కంప్యూటరు. దానిని గట్టినవారు ఒక మంచి పని చేసిరి. లోపల 5 గాడులు అమర్చి, ఒక్కొక్క గాడిలో 62 తీగలు వచ్చి కలియునట్లు చేసి, ఏ తీగ యేమి మోయునో పుస్తకమున అచ్చువేసి ప్రకటించిరి. తెఱకును ఫ్లాపీకిని కావలసిన కార్డులు పోగా మిగిలిన గాడులలో ఎవరికి వలసిన కార్డు వారు గ్రుచ్చుకొనవచ్చును. ఒకరు జ్ఞాపకశక్తిని బెంచునది, మఱియొకరు బొమ్మలు చూపునది. ఇరుసు మార్చి పాతబండినే నడుపుకొనిన రైతువలె, యంత్రమును పాఱవేయక దానికి క్రొత్త శక్తి నిచ్చుకొన వీలు కలిగెను. మన దేశపు ఇంజనీర్లకు దొరకిన సందు ఇదియే.

ఇక తెలుగునకు వచ్చిన అడ్డంకి యేమో చెప్పెదను. ఆ యంత్రపు తెఱమీద 25 వరుసలు, వరుసకు 80 గడులు. గడి కొకటే యక్షరము. ఏ గడిలో నేమి చూపవలెనో తెలుపుటకు యంత్రము ఒక సంఖ్యను మాత్రమే యుంచుకొనును. ఆ సంఖ్యకు దగిన ఆకారము ఒక చిప్పులో ముందుగనే చెక్కియుండును. అట్టి యాకారములు మొత్తము 256. ఆంగ్లమునకు ఇవి చాలి మిగులును. మనకో? హల్లులు ముప్పదియైదని యెంచి, ఒక్కొక్క హల్లునకు ఒక్కొక్క యొత్తు చేర్చి చూచినను 1225 జతలగును. వానికి గుణింతము కట్టినచో పదివేలు దాటును. అన్నియు వాడుకలో లేవు, నిజమే. కాని ఏవి రేపు రావో ముందుగా జెప్పగలవా రెవ్వరు? అదియు గాక మన యక్షరము గడిలో నొదిగి కూర్చుండునది కాదు. ఒత్తు క్రిందికి దిగును, గుడి పైకెక్కును, ఏత్వము తలకట్టును దిని దాని చోట తాను నిలుచును. ఈ లెక్క లన్నియు సాఫ్ట్‌వేరు చేతనే చేయింపరాదా యని యడుగవచ్చును. నాటి యంత్రపు జ్ఞాపకశక్తి ఎంత పెంచినను 640 కిలోబైట్లు దాటి సాధారణ కార్యములకు దక్కెడిది కాదు, వేగమును స్వల్పము. అందుచే అక్షరములు కూర్చు పనికి వేఱుగ నొక పలకయే కావలసి వచ్చెను. కంపోజిటరును దెచ్చి యంత్రపు కడుపులో గూర్చుండబెట్టినట్లని తెలియునది.

ఈ పని మొదట దేవనాగరి కొఱకు కాన్పూరు ఐ.ఐ.టి.లో జరిగినది. అచటి ఆచార్యుడు ఆర్.ఎం.కె. సిన్హా, ఆయన శిష్యుడు మోహన్ తాంబే మొదలగువారి కృషిఫలముగా, 1983లో ఢిల్లీలో జరిగిన మూడవ ప్రపంచ హిందీ సమ్మేళనమున దేవనాగరి కంప్యూటరు ప్రదర్శింపబడెను. ఇంతలో మఱియొక ముచ్చట. మన ప్రభుత్వము వాతావరణ గణనములకు, ఇతర శాస్త్రకార్యములకు క్రే అను సూపర్ కంప్యూటరును అమెరికా నుండి కొనదలచెను. కోరిన దానిని వా రీయరైరి. అందుపై 1988లో పూనా నగరమున సి-డాక్ అను సంస్థ విజయ్ భట్కర్ నాయకత్వమున నేర్పడి, 1991 నాటికి పరమ్ 8000 అను స్వదేశీ యంత్రమును నిర్మించెను. పత్రికలన్నియు ఆ మహాయంత్రమునే కొనియాడినవి. కాని అదే 1988లో కాన్పూరు నుండి తాంబే బృందము జిస్ట్ పనితో సి-డాక్‌నకు చేరినది. పరమ్ యంత్రమును జూచినవారు మనలో నెందఱు? జిస్ట్ చేసిన పని మాత్రము నేడు ప్రతి జేబులోను ఉన్నది. పెద్దదానికి పేరు, చిన్నదానికి పని, యని నాకు అప్పుడప్పుడు అనిపించును.

ఇప్పుడు అసలు విషయము. కాన్పూరువారు ఒక్క నిర్ణయము చేసిరి. తక్కినదంతయు దాని నుండి పుట్టినదే. యంత్రపు జ్ఞాపకములో అక్షరపు ఆకారమును దాచవలదు, వర్ణమునే దాచవలెను. క అను హల్లునకు 179, ఖ 180, గ 181, ఘ 182, ఙ 183. మన బాలశిక్షలో వర్గాక్షరము లెట్లు నిలిచియున్నవో సంఖ్యలును అట్లే నిలిచినవి. పొల్లునకు 232. "క్ష" యని వ్రాయవలెనన్న క, పొల్లు, ష అను మూడు సంఖ్యలే జ్ఞాపకములో నుండును. అవి కలిసి తెఱమీద నే యాకారము దాల్చవలెనో చూచుకొనుట కార్డు పని. భారతదేశపు లిపులలో పెక్కు బ్రాహ్మీ సంతానమే గనుక అన్నిటికిని ఒకటే పట్టిక చాలినది. తెలుగున "రామ" యని వ్రాసి, లిపి మార్చిన మాత్రమున అదే మాట కన్నడమునను దేవనాగరియందును కనబడును. తిరిగి వ్రాయ నక్కఱ లేదు. హిందీకి లేని హ్రస్వములగు ఎ, ఒ లకు అందులో చోటు చూపిరి. రకారమునకు 207 ఇచ్చి, ప్రక్కనే మన బండి ఱకు 208 కేటాయించిరి. నేటి వ్రాతలో ఱకారమును విడిచినవారు పెక్కండ్రు. పూనాలో గూర్చున్నవారు విడువలేదు! ఈ పట్టికకు ఇస్కీ యని పేరు. 1991లో భారత ప్రమాణముల సంస్థ దీనిని ఐ.ఎస్. 13194 అను సంఖ్యతో ప్రమాణముగా ప్రకటించినది.

కీబోర్డును అట్లే తీర్చిరి. ఎడమచేతి వైపున అచ్చులు, కుడిచేతి వైపున హల్లులు. తెలుగు టైపురైటరుపై ఆకారపు ముక్కలను ఒకదాని తరువాత నొకటి కొట్టవలసి యుండెను. ఇచట నోటితో పలికిన క్రమమే వ్రేలి క్రమము. దీనిని ఇన్‌స్క్రిప్ట్ అందురు.

నే నా కార్డును మొదట చూచినది 1992లో, నారాయణగూడలోని యొక చిన్న కార్యాలయమున. నన్ను బిలిచినది తప్పులు దిద్దుటకు. సభ్యుల పేర్ల పట్టిక తయారగుచుండెను, నాలుగువందల పేర్లుండవచ్చును. వా రుపయోగించునది డీబేస్ అను ఆంగ్లపు సాఫ్ట్‌వేరు. అది తెలుగు కొఱకు పుట్టినది కాదు, తెలుగని దానికి తెలియనే తెలియదు. దానికి గనబడునవి సంఖ్యలే, వానిని తెలుగుగా చూపునది కార్డు. పేర్లన్నియు ఎక్కించిన పిమ్మట ఆ యువకుడు ఏదో మీట నొక్కెను. క్షణకాలములో అప్పారావు మొదట, హనుమంతరావు చివర, అకారాదిగా పట్టిక నిలిచినది. "క్షమ" యను పేరుగల యామె కకారములో దన చోట దాను కూర్చుండెను. నేను రెండుమారులు పైనుండి క్రిందికి వ్రేలు బెట్టి చదివితిని, తప్పు దొరకలేదు. అచ్చుకూటమున అట్టి పట్టికను అకారాది చేయుటకు చీటీలు వ్రాసి నేలపై పఱచి ఇద్దఱము రెండు దినములు వంగి కూర్చుండిన సంగతి జ్ఞాపకమునకు వచ్చి, ఆ కార్యాలయమువారి టీ చల్లాఱిపోయినది. వర్ణమాలను గ్రుచ్చిన పూర్వుల క్రమమే సంఖ్యల క్రమమగుటచే, తెలుగెఱుగని సాఫ్ట్‌వేరు సైతము తెలుగును సరిగా బేర్చినది.

ఇంతటి కార్డు నిలువలేదు. కారణములు వెదకబోయిన దానియందును లోపములు గలవు. యంత్రమున కొక కార్డు కొనవలెను. పది యంత్రములున్నచో పది కార్డులు. పుస్తకమునకు వలసిన అక్షరసౌందర్యము ఆ తెఱమీది తెలుగునందు లేదు. జాబులకును పట్టికలకును అది చాలును గాని పెండ్లిపత్రికకు చాలదు. 1990 దశకము నడుమ నాటికి విండోస్ వచ్చినది, పేజ్‌మేకర్ వచ్చినది, లేజర్ ప్రింటరు వచ్చినది. వానితో తెలుగు ఫాంట్లు వచ్చినవి. సాఫ్ట్‌వేరు గదా, గాడి అక్కఱ లేదు. ఒక ఫ్లాపీలో బట్టును. ఒకరి యొద్ద నుండి యొకరు కాపీ చేసికొన్నను అడుగువారు తక్కువ. చిక్కడపల్లి సందులలో డి.టి.పి. బోర్డులు వెలసినవి. సీసపు కేసులు తూకమునకు బోయినవి. నా కంపోజిటరు మిత్రుడు ఆ వయసున కీబోర్డు నేర్వలేక పని మానుకొనెను.

కాని ఆ ఫాంట్లు చేసిన దేమి? వానియందును చోట్లు 256 మాత్రమే. ఆ చోట్లలో వర్ణములను గాక ఆకారపు ముక్కలను నింపిరి. తలకట్టు, కొమ్ము, గుడి, ఒత్తు. అనగా కాన్పూరువారు ఇంటినుండి పంపివేసిన సీసపు కేసే దొడ్డిదారిన మరల లోనికి వచ్చినది. అదియైనను ఒకటే కేసు గాదు. ఒక్కొక్క సంస్థవారు ముక్కలను తమకు దోచిన గడులలో బెట్టిరి. ఒకరి ఫాంటున క యున్న సంఖ్యయందు మఱియొకరి ఫాంటున దీర్ఘపు తోక యుండెను. ఆ ఫాంటు లేని యంత్రమున ఫైలు తెఱచినచో పిచ్చి గీతలు. అకారాది యను మాటయే లేదు, మాట వెదకుటయు దుర్లభము. నే నిచట నెవరిని నిందింపను. ఆ ఫాంట్లే లేకున్న గడచిన ముప్పది యేండ్లలో తెలుగు పుస్తకములు ఇన్ని రాకపోవును. అందమైన అచ్చును జూచి నేనును మురిసినవాడనే. ఒక్క సంగతి యాలోచింపనైతిని.

ఆ సంగతి నాకు దెలిసినది నా సొంత నష్టము వలన. 1997లో మా గ్రామ చరిత్రను వ్రాసితిని. చెఱువు ఎవరు తవ్వించిరి, గుడి మాన్యము లెవరివి, ఏ కఱవున ఎవరు వలసపోయిరి, ఇట్టివన్నియు ముసలివారి నోట విని కూర్చినది. మా పేటలోని యొక డి.టి.పి. దుకాణమున దానిని ఎక్కించితిమి. అచ్చునకు డబ్బు చాలక ఆగినది. చేతివ్రాత కాగితములు ఇల్లు మాఱునప్పుడు పోయినవి. పోయినందుకు నేను విచారింపలేదు, ఫ్లాపీలు ఉన్నవి గదా యని. 2009లో మా మేనల్లుడు అచ్చు వేయింతమని ముందుకు వచ్చెను. ఆ దుకాణము లేదు. ఫ్లాపీలు మూడింటిలో రెండు తెఱచుకొన్నవి. తెఱచుకొన్న వానిలో నున్నది తెలుగు గాదు, ఏ భాషయు గాదు. ఆ ఫాంటు పేరు నాకు దెలియదు. తెలిసిన దుకాణదారు ఎక్కడ నుండెనో తెలియదు.

కర్నల్ కాలిన్ మెకంజీ 1821లో గతించెను. కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు మొదలగువారు ఆయన పక్షమున ఊరూర దిరిగి వ్రాయించిన గ్రామ కైఫీయతులు నేటికిని చెన్నపట్టణపు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున నున్నవి. సిరా వెలిసినను, పురుగు తొలిచినను, ఓపికయున్న వాడు చదువగలడు. రెండు శతాబ్దముల నాటి వారి వ్రాత చదువవచ్చును, పండ్రెండేండ్ల నాటి నా వ్రాత చదువరాదు. ఆనాడు నాకు నారాయణగూడలోని ఆ పచ్చని పలక జ్ఞాపకము వచ్చినది. ఆ మూడు ఫ్లాపీలలోను దాని సంఖ్యలే యుండినచో, 179 అనగా క యని పట్టిక చూచి ఏ బాలుడైనను చదివి యుండును.

ఆ సంఖ్యలు మాత్రము చావలేదు. ప్రపంచములోని లిపుల కన్నిటికి నొకే పట్టిక యుండవలెనని అమెరికాలో కొన్ని సంస్థలవారు తలపెట్టి, 1991 అక్టోబరున యూనికోడ్ మొదటి సంపుటమును ప్రకటించిరి. అందు భారతీయ లిపులకు వారు మూలముగా గొన్నది 1988 నాటి ఇస్కీ పట్టికయే. లిపికి 128 చోట్లు చొప్పున విడదీసి, వరుసను అట్లే యుంచిరి. నేడు తెలుగు కకారము 3093, ఖ 3094, గ 3095, ఘ 3096, ఙ 3097. "క్ష" కు క, పొల్లు, ష అను మూడు సంఖ్యలే. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి యను తెలుగు ఫాంటు యంత్రముతోనే రాసాగినది. పలకపై జరిగిన కూర్పు పని యంతయు సాఫ్ట్‌వేరు చేయ నేర్చినది, యంత్రములకు అంత బలము వచ్చినది గనుక. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేటికిని విండోస్‌నందు గలదు; క మీటయొద్దనే క.

ఇందుకు సాక్ష్యముగ విదేశాంధ్రుల ముచ్చట యొకటి చెప్పవలెను. 1990 దశకపు తొలినాళ్లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులకు కార్డును లేదు, ఫాంటును లేదు. హ్యూస్టన్ నగరమందలి రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొను మనవారు ఆంగ్లాక్షరములతోనే తెలుగు వర్ణములను తప్పు లేకుండ వ్రాయు పద్ధతి నొకటి యేర్పఱచిరి. దానిని ఆర్.టి.ఎస్. అందురు. చూపునకు మోటు. కాని వారు దాచినది వర్ణమును, ఆకారమును గాదు. కావున నాటి వ్రాతలను నేడు చిటికెలో తెలుగు లిపిలోనికి మార్చవచ్చును. ఆకారములు దాచిన ఫైళ్లకు ఆ భాగ్యము లేదు; ఒక్కొక్క ఫాంటు గడుల క్రమమును ఎవరైన ఓపికతో కనిపెట్టి పట్టిక వ్రాయవలెను. పద్మ యను సాఫ్ట్‌వేరు అట్టి పని కొన్ని ఫాంట్లకు చేసినది. నా ఫ్లాపీలపై మా మేనల్లుడు ఇట్టి సాధనములను ఒకటి తరువాత నొకటి ప్రయోగించెను. తుదకు ఒకదానితో తెలుగు కనబడినది. ఒత్తులు మాత్రము తమ హల్లులను విడిచి ప్రక్క హల్లులకు దగిలినవి, సున్నలు కొన్ని మాయమైనవి, "చెఱువు" అను మాట యెచటను సరిగా రాలేదు.

అశోక్ నగరు గ్రంథాలయమున కిటికీ ప్రక్క బల్లయొద్ద గూర్చుండి ఆ పుటలను ఒక శీతకాల మంతయు దిద్దితిని. నలువది యేండ్ల క్రిందట సీసపు ప్రూఫులు దిద్దిన కన్నులకు అది పరాయి పని కాలేదు. మా మేనల్లుడు దిద్దినవానిని యూనికోడ్‌లో ఎక్కించి, కాగితముపై నొక ప్రతి తీయించి, గ్రామమున పంచాయతీ కార్యాలయములో నుంచినాడు. చెఱువు ప్రకరణము, వలసల ప్రకరణము పూర్తియైనవి. మాన్యముల ప్రకరణము మూడవ ఫ్లాపీలో నుండెను. ఆ వివరములు చెప్పిన కరణము గారు 2003లో గతించిరి. మా గ్రామమున వారి కాలపు పెద్దలు ఇంకను ఇద్దఱు కలరు. రానున్న సంక్రాంతికి వెళ్లి వారిని అడుగ నిశ్చయించితిని.